మోయాయి వీపు మీద చెక్కిన చరిత్ర

ఈస్టర్ దీవిలో (దీని సొంత పేరు రాపా నుయి) మోయాయి అని పిలిచే రాతి తలలకు నేల కింద శరీరాలు కూడా ఉన్నాయంటూ 2012లో కొన్ని ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. బయటికి మెడ వరకే కనిపించే విగ్రహం, దాని చుట్టూ లోతుగా తవ్విన గుంట, ఆ గుంటలో పొట్ట మీద వేళ్లు ఆనించి నిలబడ్డ నిండు ఆకారం. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. నిజానికి ఈ సంగతి అప్పటికే వందేళ్ల పాతది. 1914-15లో దీవికి వచ్చిన బ్రిటిష్ పరిశోధకురాలు కేథరిన్ రౌట్లెడ్జ్ కొన్ని విగ్రహాల చుట్టూ మట్టి తీయించి కింది భాగాలను చూశారు. 1955-56లో నార్వే అన్వేషకుడు థోర్ హెయర్‌డాల్ బృందం మళ్లీ తవ్వింది. శరీరాలున్నాయన్న విషయం దీవి ప్రజలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ ఫొటోల్లో చూడవలసినది విగ్రహాల వీపు. చంద్రవంక ఆకారాలు ఒకదాని మీద ఒకటి, పక్కపక్కన, కొన్ని లోతుగా, కొన్ని పైపైన గీసినట్టు వీపంతా పరుచుకొని ఉన్నాయి. తొలి శిల్పి విగ్రహాన్ని పూర్తిచేసిన నాటి పని కాదిది. వేర్వేరు చేతులు వేర్వేరు కాలాల్లో వచ్చి చెక్కిన ఆనవాళ్లు. ముఖాల గురించి, వాటి బరువు గురించి, వాటిని ఎలా నడిపించారన్న దాని గురించి గ్రంథాలకు గ్రంథాలే వచ్చాయి. వీపుల గురించి మాత్రం సామాన్య పాఠకుడికి చేరింది చాలా తక్కువ. రాపా నుయి ప్రజలు తమ విగ్రహాలతో ఎంతకాలం, ఎలా బతికారో చెప్పే సాక్ష్యం మాత్రం ముఖాల్లో కన్నా ఈ వీపుల్లోనే ఎక్కువగా ఉంది.

రాపా నుయి దక్షిణ పసిఫిక్‌లో ఒంటరిగా ఉన్న ముక్కోణపు దీవి. విస్తీర్ణం సుమారు 164 చదరపు కిలోమీటర్లు. తూర్పున చిలీ తీరం 3,500 కిలోమీటర్లకు పైగా దూరం. పడమట మనుషులున్న అతి దగ్గరి దీవి పిట్‌కైర్న్, అది కూడా దాదాపు 2,000 కిలోమీటర్ల అవతల. క్రీ.శ. 1200 ప్రాంతంలో పాలినేషియన్ నావికులు ఇక్కడ స్థిరపడ్డారని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అంగీకరిస్తున్నారు. గతించిన పూర్వీకుల శక్తికి నిలయాలుగా వాళ్లు తొమ్మిది వందలకు పైగా మోయాయి విగ్రహాలను చెక్కారు. వీటిలో అత్యధిక భాగం రానో రారాకు అనే అగ్నిపర్వత బిలం దగ్గరి గనిలో పుట్టాయి. దాదాపు 400 విగ్రహాలు ఇప్పటికీ ఆ గని చుట్టుపక్కలే ఉన్నాయి. కొన్ని సగం చెక్కి వదిలేసినవి, కొన్ని వాలులో నిలబెట్టినవి. తీరానికి చేరినవాటిని అహు అనే రాతి వేదికల మీద నిలిపారు. అహు మీది విగ్రహం ఊరి వైపు చూస్తుంది. వీపు సాధారణంగా సముద్రం వైపు ఉంటుంది.

ఈ చివరి విషయాన్ని గుర్తుంచుకోవాలి. అహు ముందున్న మైదానంలో గుమిగూడిన జనానికి కనిపించేది ముఖం. వీపు వాళ్ల కంట పడదు. ఎవరికీ కనిపించని వైపు ఇంత శ్రమపడి బొమ్మలు ఎందుకు చెక్కాలి అన్న ప్రశ్నకు జవాబు వెతికితే, ఈ చెక్కడాలు చూపరుల కోసం చేసిన అలంకారం కావని అర్థమవుతుంది. అవి ఆ విగ్రహానికి, అంటే అందులో ఉన్న పూర్వీకుడికి సంబంధించినవి.

మొదట శిల్పులే చెక్కిన భాగం సంగతి చూడాలి. దీవి ఉత్తర తీరంలో అనకేన అనే ఇసుక తీరం ఉంది. తొలి రాజు హోతు మతువా దిగింది ఇక్కడేనని దీవి సంప్రదాయం చెబుతుంది. అక్కడి అహు నౌ నౌ వేదిక మీది విగ్రహాలు కూలిపోయాక చాలా కాలం ఇసుకలో కప్పబడి ఉన్నాయి. 1978లో దీవికి చెందిన పురావస్తు శాస్త్రవేత్త సెర్జియో రాపు ఆధ్వర్యంలో వాటిని తిరిగి నిలబెట్టారు. పగడంతో చేసిన తెల్లని కన్ను దొరికి, మోయాయిలకు ఒకప్పుడు కళ్లు పొదిగేవారన్న విషయం ఖాయమైంది కూడా ఆ తవ్వకాల్లోనే. గాలికి, వానకు దూరంగా ఉండటం వల్ల ఈ విగ్రహాల వీపుల మీది పనితనం స్పష్టంగా నిలిచింది. నడుము చుట్టూ ఉబ్బెత్తుగా తిరిగిన పట్టీ, దాని చుట్టూ వంపు గీతలు, వలయాలు ఎంతో శ్రద్ధగా చెక్కి ఉన్నాయి. ఆ పట్టీ పాలినేషియా అంతటా పెద్దరికానికి గుర్తుగా ధరించే మారో అనే నడుము వస్త్రం. తాహితిలో ఎర్రని ఈకల మారో ధరించడమంటే అధికారం స్వీకరించడమే. అంటే ఈ విగ్రహాలను ఫలానా హోదా ఉన్న పెద్దలుగా, ఆ హోదా చిహ్నాలతో సహా చెక్కారన్నమాట. ఇంకొన్ని విగ్రహాల మీది గీతలను పచ్చబొట్లుగా చదివిన పరిశోధకులూ ఉన్నారు. రాపా నుయి స్త్రీపురుషులు ఒళ్లంతా పచ్చబొట్లు పొడిపించుకునేవారని తొలి యూరోపియన్ యాత్రికులు రాశారు కాబట్టి ఈ ఊహకు బలముంది. రాతి ఒంటిని మనిషి చర్మంలాగే భావించారని అనుకుంటే, తర్వాతి తరాలు దాని మీద మళ్లీ మళ్లీ గుర్తులు వేయడం వింతగా తోచదు.

ఆ తర్వాతి గుర్తులే అసలు విశేషం.

రాపా నుయిలో శిలాచిత్రాలు విగ్రహాలకే పరిమితం కాలేదు. దీవి అంతటా లావా బండల మీద, గుహల్లో, అహు గోడల మీద వేలాది బొమ్మలున్నాయి. బెల్జియన్ పండితుడు ఆన్రీ లావషెరీ 1934లో ఫ్రెంచ్-బెల్జియన్ యాత్రలో వచ్చి వీటిని వరుసగా నమోదు చేశాడు. 1980లలో అమెరికన్ పరిశోధకురాలు జార్జియా లీ ఏళ్ల తరబడి దీవి అంతా నడిచి సుమారు 4,000 చిత్రాలను పట్టికకు ఎక్కించారు. వాటిలో చేపలు, తాబేళ్లు, ఆక్టోపస్‌లు, పక్షులు, పడవలు ఉన్నాయి. పెద్ద కళ్లతో ఉన్న మకేమకే దేవుడి ముఖాలున్నాయి. కొమారి అని పిలిచే స్త్రీ చిహ్నాలు వందల్లో ఉన్నాయి. మనిషి ఒంటికి పక్షి తల పెట్టిన తంగత మను, అంటే పక్షిమానవుడు, మరికొన్ని వందలు. ఉత్తర తీరంలోని పాపా వాకా దగ్గర నేలబారు బండ మీద పన్నెండు మీటర్ల పొడవున్న పడవ బొమ్మ ఉంది. చెట్లు తరిగి పెద్ద పడవలు కట్టడం కష్టమైపోయిన దీవిలో అంత పడవను రాతి మీద చెక్కుకున్నారు. ఒకప్పుడు నడిసముద్రంలో ట్యూనా వేటాడిన జనం తమ జ్ఞాపకాన్ని దాచుకున్న చోటు అది.

మోయాయిల మీది చిత్రాలను ఈ భాషలో భాగంగానే చదవాలి. అవే పడవలు, అవే కొమారి గుర్తులు, అవే పక్షిమానవులు. బండ మీద చెక్కే చేతులే విగ్రహం మీద కూడా చెక్కాయి. మోయాయిల తలల మీద పెట్టే పుకావో అనే ఎర్రరాతి శిరోభూషణాలు కొన్నింటి మీద కూడా పడవ బొమ్మలు కనిపిస్తాయి.

రానో రారాకు వాలులో అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త జో ఆన్ వాన్ టిల్‌బర్గ్, రాపా నుయి కళాకారుడు క్రిస్టియాన్ అరేవలో పకరాతి కలిసి నడిపిన ఈస్టర్ దీవి విగ్రహ ప్రాజెక్టు తవ్వింది పక్కపక్కన నిలబడ్డ రెండు విగ్రహాలను. ప్రాజెక్టు పట్టికలో వాటి సంఖ్యలు 156, 157. వీపుల మీది చంద్రవంకలను వాన్ టిల్‌బర్గ్ వాకా, అంటే పడవ అని చదివారు. ఒక్కో కుటుంబమో, ఒక్కో శిల్పుల బృందమో వచ్చి తమ గుర్తు వేసి వెళ్లి ఉండవచ్చని ఆమె ఆలోచన. రాపా నుయి పెద్దలు మెడలో వేసుకునే రెయిమిరో అనే చెక్క పతకానిది కూడా చంద్రవంక ఆకారమే కాబట్టి రెండో అర్థానికీ తావుంది. ఏదైనా అవి ఒక్క రోజులో చెక్కినవి కావు. గీతల లోతులో, నేర్పులో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

అదే తవ్వకంలో ఎర్రని రంగు ముద్దలు దొరికాయి. విగ్రహాలకు రంగు పూసేవారనడానికి ఇది ఆధారం. విగ్రహాన్ని నిలబెట్టడానికి దుంగలు పాతిన గుంటల ఆనవాళ్లు బయటపడ్డాయి. మనుషుల సమాధులు కూడా దొరికాయి. 2019లో వెలువడిన మరో అధ్యయనం ఇంకా విలువైన సంగతి చెప్పింది. ఆ వాలులోని మట్టిని పరీక్షిస్తే అరటి, చేమ, చిలగడదుంప వంటి పంటల జాడలు కనిపించాయి. రాయి చెక్కినప్పుడు రాలిన పొడి, బిలంలోని నీటి తేమ కలిసి ఆ నేలను దీవిలోకెల్లా సారవంతంగా చేశాయి. ఈ రెండు విగ్రహాలు 1510-1645 మధ్యకాలానికే, లేదా అంతకు ముందే నిలబడ్డాయని అంచనా. అంటే అవి తీరానికి తరలించడానికి సిద్ధం చేసి, దారిలో వదిలేసిన సరుకు కావు. ఆ తోటల మధ్య, ఆ పంటలకు అండగా అక్కడే ఉండాలని నిలబెట్టినవి. వాటి వీపుల మీద గుర్తులు చెక్కినవాళ్లు ఆ నేలను దున్నుకొని బతికినవాళ్లే అయి ఉంటారు. ఇలా చూస్తే రానో రారాకు పాడుబడ్డ కార్ఖానాలా కనిపించడం మానేస్తుంది.

ఓరోంగో నుంచి లండన్ దాకా

మోయాయి మీది చెక్కుడు చిత్రాల్లో అన్నిటికన్నా గొప్పది ఇప్పుడు దీవిలో లేదు. హోవా హకననయ్యా అనే ఆ విగ్రహం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 2.42 మీటర్లు, బరువు సుమారు నాలుగు టన్నులు. చాలా మోయాయిలు అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని టఫ్ రాతివి. ఇది మాత్రం గట్టి బసాల్టు. బసాల్టు మోయాయిలు మొత్తం దీవిలో పది పదిహేనుకు మించి లేవు. రాయి గట్టిది కావడం, ఒక ఇంటి లోపల ఉండటం వల్ల దీని మీది ప్రతి గీతా నిలిచింది.

ఒకప్పుడు ఇది ఉన్న చోటు ఓరోంగో. దీవి నైరుతి మూలన రానో కావు బిలం అంచున, ఒకవైపు బిలపు సరస్సు, మరోవైపు 300 మీటర్ల లోతున సముద్రం ఉన్న సన్నని గట్టు మీద యాభైకి పైగా రాతి ఇళ్లతో కట్టిన పండుగ గ్రామం అది. ఏటా వసంతంలో అక్కడ పక్షిమానవుడి పోటీ జరిగేది. తెగల తరఫున హోపు అనే పోటీదారులు కొండ దిగి, రెల్లు తెప్పల సాయంతో సొరచేపలున్న నీటిలో ఈది మోటు నుయి దీవికి చేరేవారు. మనుతారా అనే సముద్రపు పక్షి పెట్టే తొలి గుడ్డు కోసం అక్కడ కాచుకొని కూర్చునేవారు. గుడ్డు దొరికిన హోపు యజమాని ఆ ఏటికి తంగత మను అయ్యేవాడు. ఆ ఏడాదంతా అతడు పవిత్రుడిగా, నిష్ఠతో ఏకాంతంలో గడపాలి. ఈ ఆచారం 1860ల వరకూ సాగింది. ఓరోంగో చివర మాతా ఙరావు అనే చోట బండలన్నీ ఒకదాని మీద ఒకటి చెక్కిన పక్షిమానవుల బొమ్మలతో నిండిపోయి ఉన్నాయి. గుడ్డు మనుతారాది. బొమ్మలోని పొడవైన వంకర ముక్కు, మెడ కింది సంచి మాత్రం ఫ్రిగేట్ అనే మరో సముద్రపు పక్షివి.

హోవా హకననయ్యా ఆ గ్రామంలోని ఒక ఇంట్లో సగానికి పైగా నేలలో పాతుకొని ఉండేది. ముందు నుంచి చూస్తే అది అన్ని మోయాయిల లాంటిదే. బరువైన కనుబొమ్మలు, బిగించిన పెదవులు, సాగిన చెవులు. వెనక్కి వెళ్తే మరో లోకం. నడుము దగ్గర మారో పట్టీ, దాని మీద వలయం. ఇవి తొలినాటి పని. ఆ పైన ఎదురెదురుగా ఉన్న ఇద్దరు పక్షిమానవులు. వాళ్ల తలల పైన విగ్రహం తల వెనుక భాగంలో ఒక పక్షి, దానికి ఇరువైపులా ఆవో అనే ఉత్సవపు తెడ్లు. ఎడమ చెవి వెనుక ఇంకో తెడ్డు, కుడి చెవి వెనుక వరుసగా కొమారి గుర్తులు. పూర్వీకుడిని కొలిచే పాత మతం ముందు వైపు, పక్షిమానవుడిని కొలిచే కొత్త మతం వెనుక వైపు ఒకే రాతిలో ఇమిడి ఉన్నాయి.

దీవి చరిత్రను అమ్ముకునే కథ ఒకటి చాలాకాలంగా చలామణిలో ఉంది. జనం విగ్రహాల పిచ్చిలో చెట్లన్నీ నరికేశారు, తిండి కరువై తమలో తాము కొట్టుకున్నారు, కోపంతో విగ్రహాలను కూలదోసి పాత దేవుళ్లను వదిలేశారు, ఆ శిథిలాల మీద పక్షి మతం మొలిచింది అని ఆ కథ. హోవా హకననయ్యా వీపు ఈ కథకు అడ్డు తగులుతుంది. పాత విగ్రహం అక్కరలేదనుకున్నవాళ్లు దాన్ని కొండ అంచు దాకా చేర్చి, ఇంట్లో పెట్టుకొని, కొత్త విశ్వాసపు బొమ్మలన్నీ దాని ఒంటి మీదే ఎందుకు చెక్కుతారు? మన గుళ్లలో ఒకే స్తంభం మీద ఒక రాజవంశపు శాసనం కింద మరో రాజవంశపు శాసనం కనిపిస్తే, రెండోవాళ్లు గుడిని వద్దనుకున్నారని ఎవరూ అనరు. పాత మహిమను ఒప్పుకొని, అందులో తమ వాటా రాసుకున్నారని అంటాం. ఓరోంగోలో జరిగినదీ అంతే. పోకీ మను, అంటే పక్షి పిల్లలు అనే సంస్కారం కోసం పిల్లలను ఈ విగ్రహం దగ్గరికి తీసుకొచ్చేవారని రౌట్లెడ్జ్‌కు దీవి పెద్దలు చెప్పారు. కొన్ని తెగల పక్షిమానవులు తమ ఏకాంత కాలాన్ని రానో రారాకు విగ్రహాల మధ్య గడిపేవారని కూడా ఆమె నమోదు చేశారు. రెండు విశ్వాసాల మధ్య రాకపోకలు చివరి వరకూ సాగాయనడానికి ఇవన్నీ గుర్తులు.

కూలిపోయిన నాగరికత కథ వేరే వైపుల నుంచి కూడా బలహీనపడింది. యూరోపియన్లు వచ్చాక కూడా అహు నిర్మాణం కొనసాగిందని 2020లో వెలువడిన కాలనిర్ణయ అధ్యయనం చూపింది. 2024లో పదిహేనుమంది పూర్వ రాపా నుయి ప్రజల జన్యువులను చదివిన పరిశోధన, 1600లలో జనాభా కుప్పకూలిన జాడ లేదని తేల్చింది. అసలు విధ్వంసం తర్వాత వచ్చింది. 1862-63లో పెరూ బానిస వ్యాపారులు సుమారు 1,500 మందిని ఎత్తుకుపోయారు. తిరిగి వచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. ఈ చిత్రాల అర్థం తెలిసిన పండితులు, పూజారులు, శిల్పులు ఆ పదిహేనేళ్లలో పోయారు. ఈ రోజు చంద్రవంకను పడవ అనాలా, పతకం అనాలా అన్న సందేహం ఎందుకు మిగిలిందో చెప్పడానికి ఈ లెక్కలు చాలు. చెక్కడాల మౌనాన్ని దీవి రహస్యం అని ముద్దుగా పిలవడం తప్పు. దానికి కారకులున్నారు, తేదీలున్నాయి.

ఆ దెబ్బ నుంచి దీవి ఇంకా తేరుకోకముందే, 1868 నవంబరులో హెచ్‌ఎంఎస్ టోపాజ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక సిబ్బంది హోవా హకననయ్యాను ఇంట్లోంచి తవ్వి తీసి, కొండ దించి, ఓడకు చేర్చారు. అప్పటికి వీపు మీది బొమ్మలకు ఎరుపు, తెలుపు రంగులున్నాయి. తీరం నుంచి ఓడకు తరలించేటప్పుడు అవి నీటికి కొట్టుకుపోయాయి. విక్టోరియా రాణికి బహూకరిస్తే ఆమె 1869లో మ్యూజియానికి ఇచ్చారు. ఇప్పుడు చూస్తే బూడిదరంగు రాతి మీద సన్నని గీతలు కనిపిస్తాయి. చెక్కినవాళ్లు చూసింది ఎర్రగా, తెల్లగా మెరిసే వీపును.

వెలుతురుతో చదవడం

అరిగిన చెక్కడాన్ని చదవడానికి పాతకాలంలో సుద్దతో గీతలను దిద్ది ఫొటో తీసేవారు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, సుద్ద పట్టుకున్న మనిషి ఏది చూడాలనుకున్నాడో అదే ఫొటోలో పడుతుంది. మామూలు పగుళ్లు గీతలుగా మారిపోతాయి, నిజమైన గీతలు తప్పిపోతాయి. ఇప్పుడు కెమెరాను కదలనివ్వకుండా ఉంచి, దీపాన్ని పదుల దిక్కుల నుంచి తిప్పుతూ ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. తెర మీద వెలుతురు ఏ వైపు నుంచైనా పడేలా మార్చుకుంటూ పోతే, ఏటవాలు వెలుగులో గోరంత లోతున్న గీత కూడా నీడ వేసి బయటపడుతుంది. వందల ఫొటోల నుంచి త్రిమితీయ నమూనా తయారుచేసే పద్ధతి దీనికి తోడు.

బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మైక్ పిట్స్, సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి హోవా హకననయ్యాను ఇలా పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఇద్దరు పక్షిమానవుల ముక్కులు ఒకేలా లేవనీ, ఒకటి పొడవుగా మొనదేలి, మరొకటి పొట్టిగా గుండ్రంగా ఉందనీ వాళ్లు చూపారు. ఆ లెక్కన వాళ్లు ఆడ, మగ జంట అనీ, పైనున్న పక్షి వాళ్ల పిల్ల అనీ, మొత్తం వీపు మీద ఒక కథ ఉందనీ వాదించారు. ఇతర నిపుణులు అదే ఉపరితలాన్ని స్కాన్ చేసి, ఆ ముక్కు పొట్టిది కాదు, కొన భాగం అరిగి కనిపించకుండా పోయిందని బదులిచ్చారు. రాతి మీద ఒక అంగుళం గీత ఉందా లేదా అన్న దాని మీద కథ అంతా మారిపోతోంది. పనిముట్టు ఎంత సూక్ష్మమైనదైనా, చూపు వెనుక కోరిక ఉంటే అది గీతలోకి చొరబడుతుంది కాబట్టి, ఇలాంటి వాదోపవాదాలు జరగడమే ఆరోగ్యం.

ఇందుకు మరో ఉదాహరణ రాపా నుయికి వేల కిలోమీటర్ల వాయవ్యంలో, మార్కెసస్ దీవుల్లోని హివా ఓవా మీద ఉంది. పువామావు లోయలోని తె ఇయిపోనా అనే పూజాస్థలంలో పెద్ద రాతి టికీ విగ్రహాలున్నాయి. జర్మన్ పరిశోధకుడు కార్ల్ ఫాన్ డెన్ స్టైనెన్ 1897లో వీటిని చూసి వివరంగా రాశాడు. అక్కడ బోర్లా పడుకున్నట్టున్న మకియీ తౌవా పెపే అనే విగ్రహం పీఠం మీద నాలుగు కాళ్ల జంతువుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. దక్షిణ అమెరికా నుంచి మనుషులు వచ్చి పాలినేషియాను నింపారని నమ్మిన హెయర్‌డాల్‌కు అందులో ఆ ఖండపు జంతువులు కనిపించాయి. పాలినేషియన్లు తమ పడవల్లో తెచ్చుకొని పెంచిన కుక్కలవి అని చాలామంది పండితులు భావిస్తారు. సరళమైన ఆ రెండో అర్థమే నమ్మదగినది. పాలినేషియన్లకూ అమెరికా మూలవాసులకూ కలయిక జరిగిన మాట జన్యు పరిశోధనల్లో నిజమైంది. రాపా నుయి ప్రజల విషయంలో అది 1250-1430 మధ్య జరిగిందని 2024 అధ్యయనం అంచనా. కానీ ఆ కలయికకు పీఠం మీది జంతువు సాక్ష్యం కాదు.

రానో రారాకులో ఒక విగ్రహం పొట్ట మీద మూడు తెరచాప కంబాల ఓడ ఉంది. దాని నుంచి ఒక గీత కిందికి దిగి తాబేలు లాంటి ఆకారం దగ్గర ఆగుతుంది. హెయర్‌డాల్ దీన్ని పూర్వకాలపు పెద్ద రెల్లు ఓడ అన్నాడు. ఎక్కువమంది చూసేది యూరోపియన్ ఓడను. 1722 ఈస్టర్ ఆదివారం నాడు డచ్ నావికుడు రోగవీన్ వచ్చాడు. 1770లో స్పెయిన్ వాళ్లు, 1774లో బ్రిటిష్ నావికుడు కుక్ వచ్చారు. వాళ్ల ఓడల్లో ఏదో ఒకటి, లేదా తర్వాత వచ్చిన మరొకటి, ఎవరో దీవివాసి మనసులో పడి రాతికెక్కింది. ఇక్కడ గమనించవలసింది ఓడను చెక్కడానికి అతడు ఎంచుకున్న చోటు. చుట్టూ ఖాళీ బండలకు కొదవ లేదు. అయినా పూర్వీకుడి ఒంటి మీదే చెక్కాడు. సముద్రం మీద నుంచి వచ్చిన ఆ పెను వింతను తమ పెద్దలకు చూపించాలనో, దాని శక్తిని తమవైపు తిప్పుకోవాలనో అతడికి అనిపించి ఉండాలి. స్పెయిన్ వాళ్లు 1770లో దీవిని తమదిగా ప్రకటించే పత్రం మీద పెద్దల చేత గుర్తులు పెట్టించుకున్నప్పుడు, వాటిలో ఒకటి పక్షి ఆకారంలో ఉంది. రాతి మీద వాడిన సంకేతాలు కాగితం మీదికీ వచ్చాయి. అంటే ఆ నాటికి ఈ చిత్రభాష సజీవంగా ఉంది.

ఇప్పుడు ఈ చెక్కడాలకు ముప్పు ఎక్కువగా రాతి స్వభావం నుంచే వస్తోంది. టఫ్ చిల్లులున్న రాయి. వాన నీరు పీల్చుకుంటుంది, ఎండకు ఆరుతుంది, ఉప్పుగాలికి పొడిపొడిగా రాలుతుంది. దాని మీద పెరిగే లైకెన్ మచ్చలు పై పొరను తినేస్తాయి. మట్టిలో ఉన్నంతకాలం భద్రంగా ఉన్న వీపు, బయటపడగానే అరగడం మొదలవుతుంది. తవ్వితే తప్ప చదవలేం, తవ్వి వదిలేస్తే నిలవదు. అందుకే ప్రతి తవ్వకంతో పాటు సంరక్షణ పని కూడా చేయక తప్పదు. దీనికి తోడు మనుషులు చేసిన హాని ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో దీవి అంతా ఒక కంపెనీ గొర్రెల మేతభూమిగా మారింది. 1953 వరకూ సాగిన ఆ ఏర్పాటులో సొంత ప్రజలను హంగా రోవా ఊరికి పరిమితం చేశారు. బొమ్మలున్న బండల మీద పశువులు తిరిగాయి. 2022 అక్టోబరులో రానో రారాకు వాలు మీద రేగిన మంటలు అనేక విగ్రహాలను మాడ్చాయి. వేడికి రాయి పగుళ్లిస్తే మొదట పోయేది పైపొర, చెక్కడాలు ఉన్నది ఆ పొరలోనే.

ఈ నేపథ్యంలో హోవా హకననయ్యా తిరిగి రావాలన్న డిమాండును కొత్తగా ఆలోచించాలి. 2018 నవంబరులో రాపా నుయి ప్రతినిధి బృందం లండన్ వెళ్లి మ్యూజియం అధికారులను కలిసింది. ప్రతిగా అలాంటి విగ్రహాన్నే చెక్కి ఇస్తామని దీవి శిల్పులు ముందుకొచ్చారు. సేకరణల్లోని వస్తువులను వదులుకోవడానికి 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం దాదాపు వీలివ్వదు. చిలీ మాత్రం తన నౌకాదళం 1870లో తీసుకెళ్లిన మోయాయి టావును 2022లో శాంటియాగో మ్యూజియం నుంచి దీవికి తిరిగి పంపింది.

చర్చంతా సాధారణంగా ఒక విగ్రహం ఎవరిది అన్న దగ్గరే ఆగిపోతుంది. వీపును చూస్తే వాదన ఇంకా బలపడుతుంది. హోవా హకననయ్యా మీది పక్షిమానవులకూ, మాతా ఙరావు బండల మీది పక్షిమానవులకూ ఒకే వంపు, ఒకే ముక్కు, ఒకే కూర్చున్న తీరు. అవి ఒకే గట్టు మీద, ఒకే పండుగ కోసం, ఒకే సంప్రదాయంలో నేర్చిన చేతులు చెక్కినవి. బండలను ఓడకెక్కించలేక వదిలేశారు, విగ్రహాన్ని తీసుకెళ్లారు. అందుకే లండన్ గదిలో ఉన్నది ఒంటరి శిల్పం అనడం సరికాదు. ఓరోంగో శిలాచిత్రాల నుంచి కోసి తీసిన ఒక పుట అది. మిగతా పుటలు ఇప్పటికీ రానో కావు అంచున వానలో తడుస్తున్నాయి. 2017 చివరి నుంచి ఆ జాతీయ ఉద్యానవనాన్ని నిర్వహిస్తున్న మావు హెనువా అనే స్థానిక సంస్థ వాటిని కాపాడుకొస్తోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ముందుగా దక్కవలసింది ఆ దీవి పిల్లలకే.